కుర్చీ కింద మీట

నేను జర్మనీలోని స్టుట్‌గార్ట్ వచ్చాక అది మూడో చలికాలం. ఆఫీసుకు బయల్దేరుతూ బూటు జిప్పు పెట్టుకుందామని వంగాను, నడుం పట్టేసింది. గోడ పట్టుకుని లేవడానికి పావుగంట పట్టింది. ఒక్కదాన్నే ఉండే ఫ్లాట్. లేవగలనో లేదోనని నిజంగా భయపడ్డాను.

డాక్టర్ ఎంఆర్‌ఐ రాస్తారనుకున్నాను. మన దగ్గర నడుం నొప్పి అనగానే ముందు స్కానింగే కదా. ఆవిడ కాళ్లలో తిమ్మిరి ఉందా, మూత్రం ఆపుకోగలుగుతున్నారా అని అడిగారు. మోకాళ్ల మీద చిన్న సుత్తితో తట్టి చూశారు. ఇప్పుడు స్కాన్ అక్కర్లేదు, మంచం ఎక్కొద్దు, తిరుగుతూ ఉండండి అని చెప్పి ఆరు ఫిజియోథెరపీ సెషన్లు రాశారు. ఆ రాత్రి ఫోన్లో అమ్మ కంగారుపడింది. "అదేంటమ్మా, నడుం పట్టేస్తే ఎవరైనా పడుకోమంటారు గానీ తిరగమంటారా?"

సంగతి తెలిసి మా టీమ్‌లో ఒకతను తను కూర్చునే పెద్ద రబ్బరు బంతి తెచ్చిచ్చాడు. వ్యాయామం బంతే, ఇక్కడ కొందరు కుర్చీకి బదులు వాడతారు. అది కదులుతుంది కాబట్టి పడిపోకుండా నడుం, పొట్ట కండరాలు పనిచేస్తూనే ఉంటాయని వాళ్ల నమ్మకం. మొదటి వారం హాయిగానే ఉంది. రెండో వారం నుంచి మధ్యాహ్నం మూడయ్యేసరికి వీపు ఆనించే చోటు లేక ముందుకు వంగిపోయేదాన్ని. భుజాల మధ్య కొత్త నొప్పి మొదలైంది. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయం పరిశోధకులు బంతినీ ఆఫీసు కుర్చీనీ పోల్చి చూసి 2006లో ఫలితాలు వేశారని తర్వాత చదివాను. కండరాల పనిలో పెద్ద తేడా కనబడలేదట, అసౌకర్యం మాత్రం బంతి మీదే ఎక్కువట. నా వీపు చెప్పిందీ అదే.

జర్మనీలో ఉద్యోగులకోసం కంపెనీ ఒక డాక్టర్‌ని నియమించాలని 1973 నుంచి చట్టం ఉంది. మా ఆఫీసుకు వచ్చే ఆ డాక్టరమ్మ నా సీటు దగ్గరకు వచ్చి, మాట్లాడకుండా నేల మీద మోకాలు ఆనించి, నా కుర్చీ కిందకు చెయ్యి పెట్టారు. టక్‌మని ఒక మీట కదిలింది. వీపు వెనక ఉన్న పలక నాతోపాటు వెనక్కి వాలింది, నేను ముందుకు వస్తే ముందుకొచ్చింది. పక్కనున్న గుండ్రటి మరను నా బరువుకు తగ్గట్టు తిప్పి, "ఇక దీన్ని లాక్ చెయ్యకండి" అన్నారు.

రెండేళ్లకు పైగా ఆ కుర్చీని బిగించిన స్థితిలోనే వాడాను. కదిలే కుర్చీ నా కిందే ఉంది. ఎవరినైనా అడగొచ్చు కదా అంటే, వీసా ఉద్యోగంతో ముడిపడి ఉన్నప్పుడు కుర్చీ గురించి అడగడం కూడా ఫిర్యాదులా అనిపిస్తుంది. చాటుగా కన్నీళ్లు తుడుచుకుని పనిచేసిన రోజులున్నాయి గానీ నోరు తెరవలేదు. కొత్తగా వచ్చేవాళ్లకు ఇది గట్టిగా చెప్పాలనిపిస్తుంది: అడగండి. ఇక్కడ అది మామూలు విషయం.

అయితే ఒక్క కుర్చీతోనే నొప్పి పోలేదు. వెన్నుపూసల మధ్య డిస్కులకు సొంత రక్తనాళాలు దాదాపు ఉండవు, మనం కదులుతుంటేనే వాటికి పోషకాలు బాగా అందుతాయని ఫిజియోథెరపిస్టు బొమ్మ గీసి చూపించాడు. థాయ్‌లాండ్‌లో 193 మంది ఆఫీసు ఉద్యోగులపై చేసిన అధ్యయనం 2021లో వచ్చింది. మధ్యమధ్య లేచి తిరిగినవాళ్లలోనూ, ప్రత్యేకమైన మెత్త మీద కూర్చుని భంగిమ మార్చుకుంటూ ఉన్నవాళ్లలోనూ ఏడాదిలో కొత్తగా నడుం నొప్పి వచ్చినవాళ్లు 10 శాతం లోపే. రెండూ చెయ్యనివాళ్లలో 33 శాతం. కదిలే సీటు మేలు చేసినా, దాని మీద కూడా కదలకుండా కూర్చుంటే లాభం లేదని నాకు అర్థమైంది.

హైదరాబాద్‌లో నాకు ఈ నొప్పి ఎందుకు రాలేదా అని ఆలోచించాను. కుర్చీలు ఇంతకన్నా నాసిరకం. కానీ పదకొండింటికి ఎవరో ఒకరు "టీకి వస్తున్నావా?" అనేవాళ్లు, నాలుగింటికి మళ్లీ. కిందికి దిగి, బండి దగ్గర నిలబడి, కబుర్లాడి వచ్చేవాళ్లం. ఇక్కడ నన్ను పిలిచేవాళ్లు లేరు. త్వరగా పని తేలిపోతుందని లంచ్ డబ్బా కూడా స్క్రీన్ ముందే తెరిచేదాన్ని.

లీటరు బాటిల్ మానేసి చిన్న గాజు గ్లాసు పెట్టుకున్నాను. అరగంటకల్లా ఖాళీ అవుతుంది, నీళ్లకు లేవాల్సిందే. ఫోన్ కాల్స్ నిలబడి మాట్లాడతాను. నాలుగింటికి నేనే వెళ్లి పక్క టీమ్ టర్కీ అమ్మాయిని టీకి పిలుస్తాను. నొప్పి పూర్తిగా పోయిందని చెప్పను, చలి ఎక్కువైన రోజుల్లో పొద్దున్నే పలకరిస్తుంది. కానీ బూట్లు నిలబడే వేసుకుంటున్నాను.

పోయిన నెల విజయవాడ నుంచి ఒకమ్మాయి మా టీమ్‌లో చేరింది. రెండో రోజే నడుం వెనక చెయ్యి పెట్టుకుని కూర్చోవడం చూశాను. "అక్కా, ఆన్‌లైన్‌లో ఆరు వందల యూరోల కుర్చీ ఉంది, కొనమంటావా?" అని అడిగింది. ఆగమని చెప్పి, నేల మీద మోకాలు ఆనించి, ఆమె కుర్చీ కింద మీట కోసం వెతికాను.