మళ్ళీ అదే కుర్చీలో

ఈ రోజు మళ్ళీ డ్యూటీలో చేరాను. నాతో పాటు ఇంకో నలుగురు. నాలుగు నెలల కిందట మమ్మల్ని తీసేసింది ఈ సేవా సంస్థే. పేరు రాయను.

మేం చేసిన తప్పల్లా, జీతాలు ఎందుకు ఆలస్యమవుతున్నాయని సంతకాలు చేసి ఒక కాగితం ఇవ్వడం. "సేవకొచ్చి డబ్బు లెక్కలు అడుగుతారా?" అన్నారు. మర్నాడు సాయంత్రానికల్లా చేతిలో లెటర్. నోటీసు లేదు, సంజాయిషీ అయినా అడగలేదు. ఎక్కువ బాధేసింది ఎందుకంటే, ఇతరుల హక్కుల గురించి ఆ ఆఫీసులో కరపత్రాలు రాసేది మేమే.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1982లో చేసిన 158వ ఒప్పందం గురించి యూనియన్ వాళ్ళు చెప్పేదాకా నాకు తెలియదు. పని బాగాలేదనో, ప్రవర్తన సరిగా లేదనో తీసేసే ముందు మనిషికి తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాలట. చట్టాన్ని పాటించడం లేదని యాజమాన్యం మీద ఫిర్యాదు చేయడం ఉద్యోగం తీసేయడానికి కారణం కాకూడదట. అన్ని దేశాలూ దాన్ని ఆమోదించలేదు, అది వేరే సంగతి.

విచారణలో కారణం చూపించమంటే వాళ్ళ దగ్గర మా మీద ఒక్క మెమో కూడా లేదు. ఆగిన జీతంతో సహా తిరిగి తీసుకోమన్నారు.

గెలిచాం కదా అని సంబరంగా ఏమీ లేదు. రాత్రంతా టెన్షన్‌తో నిద్రే పట్టలేదు. లోపలికి వెళ్తుంటే మేనేజర్ గారు "వచ్చారా" అని తల దించుకున్నారు. నా డ్రాయర్‌కి తాళం మార్చేశారు. కొత్త తాళంచెవి రేపిస్తారట.