కాలికి వచ్చిన కంఠసర్పి

కుడి పిక్క మీద దోమ కుట్టిన చోట గోకాను. పొక్కు చితికి, రెండు వారాల్లో పావలా బిళ్ళంత పుండైంది. పసుపు అద్దాను, మందుల దుకాణంలో ఇచ్చిన పూతమందు రాశాను. మానలేదు. అంచులు తొలిచినట్టు గుండ్రంగా, మధ్యలో బూడిదరంగు పొర. తుడిస్తే ఊడదు, లాగితే నెత్తురు. మొదట్లో సలిపింది, తరువాత మొద్దుబారింది. ఇంటిల్లిపాదీ షుగర్ పుండని తేల్చేశారు. పరీక్షలో షుగర్ లేదు. మొదటి డాక్టరు మామూలు చీముపుండనుకుని ఇచ్చిన మాత్రలూ పనిచేయలేదు.

చర్మవైద్యురాలు మాత్రం పొర అంచు ఎత్తి, దాని అడుగు నుంచి నమూనా తీశారు. ఏ క్రిమి కోసం వెతకాలో ల్యాబుకు కాగితం మీద రాసి మరీ పంపారు. చెప్పకపోతే చర్మం మీద మామూలుగా ఉండే క్రిములే అనుకుని వదిలేస్తారట.

ఫలితం వచ్చింది: కంఠసర్పి, అంటే డిఫ్తీరియా.

"నా గొంతు బాగానే ఉంది కదా డాక్టరుగారూ?"

"పేరులోనే కంఠం ఉందమ్మా. చర్మం చిట్లితే ఆ క్రిమికి కాలైనా చాలు."

డిఫ్తీరియా అన్నది తోలు అనే గ్రీకు మాట నుంచి వచ్చిందని ఆవిడే చెప్పారు. వాళ్ళు పొరను చూసి పేరు పెట్టారు, మనవాళ్ళు గొంతును చూసి పెట్టారు. నన్ను తికమక పెట్టింది మనవాళ్ళే.

చర్మానికి వచ్చినప్పుడు ఆ క్రిమి విషం గుండెకూ నరాలకూ ఎక్కడం అరుదట. అయినా ఈసీజీ తీశారు. దేశంలో కంఠసర్పికీ కోరింత దగ్గుకూ ధనుర్వాతానికీ కలిపి వేసే డీపీటీ టీకాల కార్యక్రమం మొదలైంది 1978లో, నేను పుట్టింది అంతకు ఇరవై ఏళ్ళ ముందు. మేకు గుచ్చుకున్నప్పుడల్లా వేయించుకున్న టీటీ ధనుర్వాతానికే తప్ప దీనికి కాదు. ఇప్పుడు రెంటికీ కలిపి టీడీ వేస్తున్నారు.

నాకు అసలు భయం పట్టుకున్నది మనవరాలి గురించి. రోజూ నా పక్కలోనే, నా కాళ్ళ మీద కాళ్ళేసి పడుకుంటుంది. నా పుండు నుంచి క్రిమి అంటుకుంటే ఆ పిల్లకు గొంతులోనే రావచ్చు. అయిదేళ్ళు నిండాక వేయించాల్సిన బూస్టరు వేయించలేదని అప్పుడు బయటపడింది. కోడలు నా ముఖం చూడలేదు, నేనూ అడగలేదు. అందరి గొంతుల నుంచీ నమూనాలు తీశారు, పిల్లకు సూదీ సిరప్పూ ఇచ్చారు.

నాకు పద్నాలుగు రోజులు ఎరిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్. కడుపులో తిప్పేది, అన్నం సయించేది కాదు. అవి అయ్యాక ఒక రోజు తేడాతో రెండు నమూనాలు, రెంటిలోనూ క్రిమి లేదనాలి. ఆ కబురు వచ్చేదాకా మనవరాలు గుమ్మం అవతలే కూర్చుని ఎక్కాలు అప్పజెప్పింది.