కోపం వచ్చాక ఒక్క నిమిషం

పోయిన కార్తీకంలో ఒక శుక్రవారం తిరుచానూరు వెళ్లాం. అమ్మవారి దర్శనమై బయటికొచ్చాక పద్మసరోవరం మెట్ల మీద మా చిన్నోడు కుంకుమ పొట్లం జారవిడిచాడు. పొద్దున్నుంచి క్యూలో నిలబడ్డ అలసట, ఇంట్లోంచి మోసుకొచ్చిన టెన్షన్ అన్నీ కలిసి వాడి మీదికి చెయ్యెత్తాను. మా అత్త నా మణికట్టు పట్టుకుంది. "ఉండమ్మా, ముందు కోనేట్లో కాళ్లు కడుక్కునిరా. తర్వాత తిడుదువులే" అంది.

గీతలో ఐదో అధ్యాయం 23వ శ్లోకం నేను చాలాసార్లు చదివిందే.

శక్నోతీహైవ యః సోఢుం ప్రాక్ శరీరవిమోక్షణాత్ ।
కామక్రోధోద్భవం వేగం స యుక్తః స సుఖీ నరః ॥

శరీరం విడవకముందే, ఇక్కడే, కామక్రోధాల వేగాన్ని ఓర్చుకోగలిగినవాడే యోగి, వాడే సుఖి. కోపమే రాకూడదని ఈ శ్లోకం అనలేదు. వచ్చినదాని వేగాన్ని ఓర్చుకోమంది. ఆ 'సోఢుం' అన్న మాట నాకెంత ధైర్యమిచ్చిందో!

త్రిమూర్తుల్లో ఎవరు గొప్పో పరీక్షించడానికి బయల్దేరిన భృగుమహర్షి కథ మన తిరుపతి వాళ్లకు ఉగ్గుపాలతోనే వస్తుంది. తన్నిన కాలు పట్టుకున్న స్వామి, అలిగి కొల్హాపురం వెళ్లిపోయిన అమ్మ, ఆమె కోసం ఈ కొండకొచ్చిన శ్రీనివాసుడు. బ్రహ్మగారి ఘట్టాన్ని మాత్రం గబగబా దాటేస్తాం. భాగవతం దశమస్కంధంలో భృగువు మొదట వెళ్లింది ఆయన దగ్గరికే. కనీసం నమస్కారం పెట్టలేదు. బ్రహ్మకు కోపం భగ్గుమంది. కానీ ఎదురుగా ఉన్నది కొడుకు. తనలోంచి పుట్టిన నీటితోనే నిప్పు ఆరినట్టు ఆ కోపాన్ని తనలోనే చల్లార్చుకున్నాడట. పంచభూతాల్లో అగ్ని నుంచి పుట్టింది జలమే కదా. బ్రహ్మ కోపానికి ఆ నీళ్లు ఎదుట నిలబడ్డ బిడ్డే.

ఆ పరీక్షలో నెగ్గింది విష్ణుమూర్తే. ఆయనకు కోపమే రాలేదు. నాకది ఎన్ని జన్మలకు అబ్బుతుందో తెలియదు. బ్రహ్మగారిలా ఆర్పుకోవడం మాత్రం వంటింట్లో నిలబడి కూడా సాధన చేయొచ్చు. బిడ్డ ముఖం ఒకసారి సరిగ్గా చూస్తే చాలు.

ఆ రోజు కాళ్లు కడుక్కుని మెట్లెక్కి వచ్చేసరికి, వాడు చొక్కా అంచుతో మెట్టు తుడుస్తున్నాడు. నన్ను చూసి లేచి, పొట్లంలో మిగిలిన చిటికెడు కుంకుమ భయంభయంగా నా వైపు చాపాడు. నేను వంగి నుదురు చూపించాను.