బ్రహ్మచర్యం బోధించే సంఘం ముందు చూసుకోవలసినవి

స్వలింగ వివాహం మాట వస్తే మన సంఘాల్లో స్వలింగ సంబంధాన్ని తప్పుపట్టే లేవీయకాండము 18, రోమా 1 చదివి బైబిలు మూసేస్తారు. ఎదురుగా కూర్చున్న మనిషి రేపటి నుంచి ఎలా బతకాలో ఆ వచనాల్లో దొరకదు. ఆ సంగతి 1 కొరింథీయులకు 7వ అధ్యాయంలో ఉంది. దాన్ని మనం పెళ్ళి ప్రసంగాలకే పరిమితం చేసేశాం.

పౌలు అక్కడ దంపతులు ఒకరికొకరు దూరంగా ఉండకూడదంటాడు. ప్రార్థన కోసమైనా సరే ఇద్దరి సమ్మతి ఉండాలి, అదీ కొంతకాలమే. ఒంటరి జీవితాన్ని దేవుడిచ్చే కృపావరం అంటాడు, ఒక్కొక్కరికి ఒక్కో వరం అంటాడు. ఆ మీదట "కామతప్తులగుటకంటె పెండ్లిచేసికొనుట మేలు" అని తేల్చేస్తాడు. శరీరాన్ని అసహ్యించుకునేవాడు ఇలా రాయడు. ఆదిసంఘం కూడా ఈ విషయంలో గట్టిగానే నిలబడింది. 325లో నైసియా మహాసభ చేసిన మొదటి నియమమే, ఆరోగ్యంగా ఉండి తనను తాను నపుంసకుణ్ణి చేసుకున్నవాడు గురువుగా (ప్రీస్టుగా) ఉండకూడదని. కోరికను కోసి పారేయడం పరిశుద్ధత కిందికి రాదని అప్పుడే తేల్చారు.

అసలు చీలిక ఎక్కడుందంటే, వరం లేనివాడి మీద బ్రహ్మచర్యాన్ని ఆజ్ఞగా పెట్టవచ్చా అన్న దగ్గర. 1530లో లూథరన్లు ప్రకటించిన ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణం 23వ అంశం ఇదే వాదన ఎత్తుకుంది. ఒంటరి జీవితానికి తగినవారు కొందరే, కాబట్టి గురువులకు పెళ్ళి నిషేధించడం తప్పని అంది. అంతకు అయిదేళ్ళ ముందే లూథర్ మఠం వదిలి వచ్చిన కాథరీనా ఫాన్ బోరాను పెళ్ళాడాడు. స్వలింగ వివాహాన్ని ఒప్పుకునే ప్రొటెస్టెంట్ సంఘాలు ఈ రోజు ఎత్తుకునే వాదనల్లో ఇదీ ఒకటి. అమెరికాలో ఎపిస్కోపల్ సంఘం 2015లో ఆ దారి పట్టింది. స్కాట్లాండ్ సంఘం 2022లో పట్టింది. యునైటెడ్ మెథడిస్టులు 2024లో తమ నిషేధాలు ఎత్తేశారు. హైదరాబాదు నుంచి అమెరికా వెళ్ళి అక్కడి మెథడిస్టు సంఘంలో చేరిన తెలుగు కుటుంబానికి ఇది ఇక దూరపు వార్త కాదు.

సంప్రదాయ పక్షం జవాబు తేలిగ్గా తీసేయదగ్గది కాదు. వివాహం అంటే స్త్రీ పురుషుల కలయికేనని ఆదికాండము 2, మత్తయి 19 చెప్పేశాయి, విధేయత వరం మీద ఆధారపడదు అంటారు వాళ్ళు. భర్త వదిలేసిన స్త్రీకి, జీవిత భాగస్వామి మంచం పట్టిన మనిషికి, పెళ్ళి కుదరక నలభై దాటినవారికి కూడా అదే నియమం కదా అని అడుగుతారు. "తన్ను తాను ఉపేక్షించుకొని" అన్న మాట లూకా 9లో అందరితో చెప్పిందే. అది నిజం. అందుకే ఈ మాటను సంఘంలో ఒక్కరికే వినిపిస్తే అది వాక్యోపదేశం అనిపించుకోదు. కట్నం పుచ్చుకున్న పెద్దకు, ఫోనులో అశ్లీల వీడియోలు చూసే వివాహితుడికి ఉపేక్షించుకోవడం గురించి ఎన్నడూ చెప్పని సంఘకాపరి, స్వలింగ ఆకర్షణ ఉన్న కుర్రాడికి మాత్రం జీవితకాలపు సిలువ అప్పగిస్తే ఆ కుర్రాడు నమ్మడు. నమ్మనక్కర్లేదు కూడా. ఒప్పుకునే పక్షానిదీ ఒక బాకీ ఉంది. వివాహం అన్నాక పెళ్ళికి ముందు నిగ్రహం, ఒక్కరితోనే జీవితాంతం అన్న షరతులు ఆ జంటకూ వర్తించాలి. చాలాచోట్ల ఆ బోధ నసిగి వదిలేస్తున్నారు.

ఇక కోరిక పుట్టడమే పాపమా? ఇక్కడ సంఘాల మధ్య తేడా ఉంది, సలహా దాన్నిబట్టే మారిపోతుంది. బాప్తిస్మం పొందినవారిలో మిగిలే దురాశ పాపం నుంచి వచ్చింది, పాపం వైపు లాగుతుంది, కానీ అసలైన అర్థంలో పాపం కాదని కథోలిక సంఘం 1546లో ట్రెంట్ సభలో నిర్ణయించింది. కాల్విన్ బాటలో వచ్చిన రిఫార్మ్‌డ్ సంఘాలు ఆ తొలి కదలికను కూడా పాపంగానే లెక్కిస్తాయి. మొదటి బోధ ప్రకారం "నాకు మగవాళ్ళ మీద ఆకర్షణ ఉంది" అన్నవాడు ఒప్పుకోవలసిన తప్పేదీ ఇంకా చేయలేదు. రెండో బోధ ప్రకారం పశ్చాత్తాపపడాలి, అయితే పొరుగువాడి భార్యను చూసి మనసు చలించినవాడు ఎంత పడాలో అంతే. మన దగ్గర తరచుగా ఈ రెండూ జరగవు. దయ్యం అని తల మీద చెయ్యి పెట్టి అరుస్తారు.

నిగ్రహం ఎలా సాధన చేయాలో ఈజిప్టు ఎడారి సన్యాసులకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. వాళ్ళ మాటలను 5వ శతాబ్దంలో జాన్ కేసియన్ అనే సన్యాసి రాసిపెట్టాడు. కామాన్ని వాళ్ళు విడిగా చూడలేదు, తిండిపోతుతనం పక్కనే పెట్టారు. రోజుకు రెండు ఎండు రొట్టెలు కొలత, రెండూ కలిపితే ఒక పౌను తూగీ తూగనట్టు. రోజులకు రోజులు కడుపు మాడ్చుకుని తర్వాత ఒక్కసారే తినడం కంటే ఆ చిన్న కొలతను రోజూ తినడమే మేలన్నారు. మన 21 రోజుల, 40 రోజుల ఉపవాసాలవారు ఈ సంగతి గమనించాలి. ఉపవాసం విడిచాక వచ్చే వారం పది రోజులే చాలామంది జారేది. ఒంటికి నీరసం, మనసులో గెలిచామన్న ధీమా, రెండూ కలుస్తాయి.

కేసియన్ చెప్పిన ఒక ఉదంతం ప్రతి పాస్టరుగారూ చదవాలి. ఒక యువ సన్యాసి కామశోధన తట్టుకోలేక పెద్దాయన దగ్గర చెప్పుకున్నాడు. ఆయన ఛీకొట్టి, సన్యాసి అనే పేరుకే నువ్వు తగవన్నాడు. కుర్రాడు ఆశ వదులుకుని లోకంలోకి తిరుగుముఖం పట్టాడు. దారిలో అబ్బా అపొల్లో అనే మరో పెద్ద సన్యాసి కనిపెట్టి ఆపి, ఈ వయసులో నాకూ ఈ పోరు ఉంది నాయనా అని చెప్పి వెనక్కి పంపాడు. తర్వాత ఆ శోధన పెద్దాయన మీదికి మళ్ళాలని ప్రార్థించాడు. కాసేపటికి ఆ ముసలాయన పిచ్చెత్తినట్టు గుడిసె బయటికి పరుగెత్తాడు.

బ్రహ్మచర్యానికి శిక్షణ కావాలని కథోలిక సంఘానికి తెలుసు. మన ఊళ్ళలో కనిపించే సిస్టర్లు కనీసం 12 నెలలు నోవిషియేట్‌లో, అంటే ప్రమాణాలకు ముందు శిక్షణలో, ఉంటారు. తర్వాత 3 నుంచి 6 ఏళ్ళ తాత్కాలిక ప్రమాణాలు, అవసరమైతే 9 ఏళ్ళ దాకా. ఆ పైనే నిత్య ప్రమాణం. మధ్యలో వెళ్ళిపోయే దారి తెరిచే ఉంటుంది. వెంట ఒక ఇల్లు, వంటగది, జబ్బు చేస్తే చూసేవాళ్ళు, చివరికి సమాధి చోటు ఉంటాయి. ప్రొటెస్టెంట్ సంఘంలో ఇరవై రెండేళ్ళ మనిషికి అదే భారాన్ని ఒక సాయంత్రం కౌన్సెలింగులో అప్పగిస్తారు. పైన చెప్పినవాటిలో ఒక్కటీ ఇవ్వరు. మార్కు 10లో యేసు విడిచిపెట్టినవారికి నూరంతలుగా ఇళ్ళు, అన్నదమ్ములు, తల్లులు ఇస్తానన్నాడు. ఆ ఇళ్ళు సంఘస్థులవే.

దీనికంటే పెద్ద తప్పు, స్వలింగ ఆకర్షణ ఉన్న కుర్రాడికి పెళ్ళి చేస్తే అన్నీ సర్దుకుంటాయనడం. ఈ మందు వికటించేది ఏమీ తెలియని ఒక ఆడపిల్ల మీద. తనలో లోపమేదో ఉందనుకుంటూ ఆమె ఏళ్ళు గడుపుతుంది. కథోలిక ధర్మశాస్త్రం 1098వ నియమం ప్రకారం, దాంపత్యాన్ని తీవ్రంగా దెబ్బతీయగల గుణాన్ని మోసంతో దాచి సమ్మతి పొందితే ఆ వివాహం చెల్లదు. ఆ ఆకర్షణను మార్చేస్తామన్న చికిత్సల సంగతీ అంతే. ఆ పని మీదే 1976 నుంచి నడిచిన అమెరికా సంస్థ ఎక్సోడస్ ఇంటర్నేషనల్, 2013లో క్షమాపణ చెప్పి మూతపడింది. మన దేశంలో జాతీయ వైద్య కమిషన్ 2022లో అలాంటి చికిత్సను వైద్యుల వృత్తిపరమైన దుష్ప్రవర్తన కింద చేర్చింది.

ఎవరైనా వచ్చి తనకు స్వలింగ ఆకర్షణ ఉందని చెబితే ముందు వినండి. శారీరక వివరాలు అడగొద్దు. అమ్మానాన్నలకు చెప్పడం, చెప్పకపోవడం ఆ మనిషి ఇష్టం. పేరు లేకుండా కూడా కుటుంబ ప్రార్థనలో ప్రార్థన మనవిగా పెట్టొద్దు, చిన్న సంఘంలో పేరు తెలియడానికి పావుగంట చాలు. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అవునంటే ఆ రాత్రి ఒంటరిగా వదలకండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు టెలీ మానస్ 14416కు పక్కనే కూర్చుని ఫోను చేయించండి. మీ సంఘం నమ్మకం ఏదైనా దాచకుండా చెప్పండి, కానీ మొదటి రోజు కాదు. ప్రభువు బల్ల దగ్గరికి రానిస్తారా, పాటల బృందంలో ఉండొచ్చా అన్నవి అడగకముందే తేల్చి చెప్పండి. ఆ రెంటి గురించి నెలల తరబడి నానబెట్టడం వల్లే ఎక్కువమంది మాట్లాడకుండా మానేసి వెళ్ళిపోతున్నారు.

చట్టం విషయంలో గందరగోళం వద్దు. సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6 తీర్పుతో పెద్దల మధ్య సమ్మతితో జరిగే స్వలింగ సంబంధం నేరం కాకుండా పోయింది. వివాహ హక్కును మాత్రం సుప్రీంకోర్టు 2023 అక్టోబరు 17న ఒప్పుకోలేదు. కాబట్టి ఏ పాస్టరైనా ఇక్కడ అలాంటి జంటను దీవించినా అది 1872 క్రైస్తవ వివాహ చట్టం కింద నమోదు కాదు. ఆస్తి ఒకరి తర్వాత ఒకరికి చెందాలంటే ఆ ఇద్దరూ విడివిడిగా వీలునామా రాసుకోవలసిందే, ఇద్దరేసి సాక్షులతో.