వైజాగ్ షూటింగులో మీకిచ్చేది ఏ వేషం?

ఆర్కే బీచ్‌లోనో, రుషికొండలోనో, భీమిలిలోనో షూటింగ్ పడిందంటే షూటింగుకి మనుషుల్ని సమకూర్చే కో-ఆర్డినేటర్లు ఫోన్లు మొదలుపెడతారు. "సినిమాలో వేషముంది, పొద్దున్నే వచ్చేయండి" అంటారు. వెళ్ళేముందు ఒక్క ముక్క అడగండి: జూనియర్ ఆర్టిస్టుగానా, ప్యాడింగా, క్యారెక్టరా? మూడింటికీ పని వేరు, డబ్బు వేరు.

జూనియర్ ఆర్టిస్టంటే గుంపులో మనిషి. బీచ్‌లో నడిచేవాళ్ళు, పెళ్ళి పంక్తిలో కూర్చున్నవాళ్ళు. రోజు లెక్కన ఏజెంటు చేతిమీదుగా డబ్బొస్తుంది. బొమ్మలు, కంపెనీ పేర్లు లేని బట్టలు రెండు జతలు పట్టుకెళ్ళండి. తెల్లచొక్కా వద్దు, సముద్రం ఒడ్డు ఎండలో కళ్ళన్నీ దానిమీదికే పోతాయి. కెమెరా వంక చూశారా, ఆ టేకు పోయినట్టే.

ప్యాడింగ్‌లో మాటలు ఒకటీ అరా, లేదా అసలుండవు. కానీ ముఖం కనబడుతుంది: విలన్ వెనకాల అనుచరుడు, హీరోయిన్ ఇంట్లో పిన్నిగారు. చాలామందికి నష్టం జరిగేది ఇక్కడే. ఒక సీన్లో ముఖం స్పష్టంగా పడితే అదే సినిమాలో ఇంకో వేషం రావడం కష్టం, చూసేవాళ్ళు పోల్చేస్తారు. డైలాగు వేషానికి ఆడిషన్ ఇచ్చి కబురు కోసం చూస్తున్నవాళ్ళు ఆ సినిమా గుంపులో ముందు వరసకి వెళ్ళకండి.

నటన మీద ప్రేమున్నవాళ్ళు గురిపెట్టాల్సింది క్యారెక్టర్ వేషం, అంటే కథలో తనకంటూ చోటూ మాటలూ ఉన్న పాత్ర మీదే అని నా నమ్మకం. దీనికి వయసు అడ్డు కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన గొల్లపూడి మారుతీరావు గారు 1982లో తెరమీదికి వచ్చేసరికి ఆయనకి నలభై దాటాయి. ఇందులో అసలు కష్టం కంటిన్యుటీ. ఒకే సీన్‌ని ముందు మాస్టర్ షాట్ (సీనంతా కనబడేలా), తర్వాత సజెషన్ (ఎదుటివాళ్ళ భుజం మీదుగా), ఆపైన క్లోజప్ తీస్తారు. టీ గ్లాసు ఏ చేత్తో, ఏ మాట దగ్గర ఎత్తారో మూడుసార్లూ అలాగే ఎత్తాలి, లేకపోతే ఎడిటింగ్‌లో ముక్కలు అతకవు, మీ క్లోజప్పే ఎగిరిపోవచ్చు. గుమ్మంలోకి అడుగుపెట్టడం ఇక్కడ తీసి, లోపలి గది నెలల తర్వాత హైదరాబాద్ సెట్లో తీయవచ్చు. అందాకా మీసం, జుట్టు ముట్టుకోకూడదు. డబ్బింగ్ ఎవరు చెబుతారో కూడా తేల్చుకోండి. ఉత్తరాంధ్ర యాస పాత్రకి ఇక్కడి మనిషిని తీసుకుని, ఆ యాస రాని గొంతు పెడితే సగం నటన పోతుంది.

గెస్ట్ రోల్ సాధారణంగా పేరున్నవాళ్ళకే వెళ్తుంది. డూప్ పని ఫైట్ మాస్టర్ల చేతిలో ఉంటుంది, శిక్షణ లేనివాళ్ళు దాని జోలికి పోకూడదు.

సీరియల్ దారి వేరు. ఎక్కువగా హైదరాబాద్‌లోనే తీస్తారు, కాబట్టి రాత్రి రైలు ప్రయాణాలు తప్పవు. రోజుకి చాలా సీన్లు లాగేస్తారు, డైలాగుల పేపరు అప్పటికప్పుడు చేతికొస్తుంది, అసిస్టెంటు పక్కనుంచి మాటలు అందిస్తూ ప్రాంప్టింగ్ ఇస్తుంటాడు. అది చెవిన వింటూనే ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూసి మాట్లాడటం ఇంట్లో సాధన చేయాలి. అలవాటు లేనివాళ్ళ చూపు ప్రాంప్టర్ వైపు జారిపోతుంది. ఒప్పుకునేముందు నెలకి ఎన్ని రోజుల కాల్షీట్ (షూటింగుకి ఇచ్చే రోజులు), బస ఎవరిది, బట్టలు ఎవరివి, కథలో మీ పాత్ర ట్రాక్ ఆపేస్తే బాకీ ఎప్పుడిస్తారు అన్నవి వాట్సాప్‌లోనైనా రాయించుకోండి. వేషం కోసం రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమంటే మాత్రం అక్కడితో ఫోన్ పెట్టేయండి.