సౌండ్ పాతదట

పదికి ఆరు. మా బుజ్జిగాడు ఇళయరాజా బీజీఎంకి, అంటే సినిమాలో సీన్ల వెనకొచ్చే సంగీతానికి, వేసిన మార్కులవి. పొద్దున్నే ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు, టాప్ టెన్ అని పెద్ద జాబితా. మిగతా అందరికీ తొమ్మిది, తొమ్మిదిన్నర. రాజా గారి పేరు అన్నిటికన్నా కింద. పక్కన కారణం కూడా రాశాడు, 'సౌండ్ పాతది' అని. దానికి ఒంగోలు నుంచి మా మరిది బొటనవేలి బొమ్మ, ఆడపడుచు నిప్పు బొమ్మలు.

'పిల్లోడు గదా, వదిలెయ్' అన్నారు ఈయన. వదిలేద్దామనే పొద్దున్నుంచీ చూస్తున్నా. పప్పు తాలింపు వేస్తున్నా అదే, ట్రంక్ రోడ్డులో ఆటో ట్రాఫిక్‌లో ఆగిపోయినా అదే. మధ్యాహ్నం గ్రూపులో ఏదో టైప్ చేసి, మళ్లీ మొత్తం చెరిపేశా. మరిది ముందు పిల్లాణ్ణి చిన్నబుచ్చినట్టు ఉంటుంది. అందుకే ఇక్కడ రాస్తున్నా. మీరైతే ఓపిగ్గా వింటారు.

సౌండ్ పాతది అంటే ఏంటసలు? వాడు పోయిన నెల సూళ్లూరుపేటలో ఆ పెద్ద తెర థియేటర్‌కి వెళ్లొచ్చాడు. వచ్చిన దగ్గర్నుంచీ 'సీటు అదిరింది పెద్దమ్మా, గుండెల్లో దడదడ' అని ఒకటే పాట. సరే, అదిరింది. అదిరించింది స్పీకర్లు కదా? చుట్టూ, నెత్తి మీంచీ కూడా శబ్దం వినిపించే ఆ డాల్బీ అట్మాస్ లోకానికి వచ్చిందే 2012లో. రాజా గారు సాగరసంగమానికి చేసిన 1983లో మన హాళ్లలో చాలా వాటికి తెర వెనక స్పీకర్లు తప్ప వేరే దిక్కు లేదు. దాంట్లోంచే వయొలిన్లు రావాలి, దాంట్లోంచే మాటలు రావాలి. ఆ ఇరుకులో ఏ వాద్యం ఎప్పుడు పలకాలో, ఎప్పుడు ఊరుకోవాలో తేల్చడం కదా సంగీత దర్శకుడి పని? రీలు చూసి, వాద్యం ముట్టుకోకుండా నేరుగా కాగితం మీద నొటేషన్ రాసేస్తారని ఆయన దగ్గర వాయించినవాళ్లు ఎంతమంది చెప్పలేదు! హాలుకి వేయాల్సిన మార్కులు మనిషికి వేసి, హాలుకి లేనివి మనిషికి కోసేస్తే ఎలా?

ఇంకొకటి. ఆర్.ఆర్.ఆర్. బీజీఎంకి పదికి పది వేసి, 'ఆస్కార్ విన్నింగ్' అని రాశాడు. ఒరే నాన్నా, 2023లో ఆస్కార్ వచ్చింది నాటు నాటు పాటకి. కీరవాణి, చంద్రబోస్ ఇద్దరూ వెళ్లి తీసుకున్నారు గదా, మన హాల్లో కూర్చుని అందరం చూశాం గదా! నేపథ్య సంగీతానికి కీరవాణికి వచ్చింది జాతీయ అవార్డు. అదే ఏడు పాటలకి దేవిశ్రీ ప్రసాద్‌కి వచ్చింది, పుష్పకి. పాటలకి ఒకటి, వెనకొచ్చే సంగీతానికి ఒకటి అని 2009 సినిమాల నుంచీ విడివిడిగానే ఇస్తున్నారు. ఆ ఏడు వెనక సంగీతానికి ఎవరికిచ్చారు? ఇళయరాజాకే, మలయాళం పళశ్శిరాజాకి. పదికి ఆరు మనిషికి!

అవార్డులు చూపించి వాదించడం నాకూ ఇష్టం లేదులెండి. అక్కడ కూర్చునేదీ మనుషులే. గాడ్‌ఫాదర్ సినిమాకి సంగీతం కట్టిన నీనో రోటాకి ఆస్కార్ నామినేషన్ ఇచ్చి, తీరా ఆ బాణీలో కొంత ఆయనే 1958లో ఫార్చునెల్లా అనే ఇటలీ సినిమాకి వాడుకున్నాడని తెలిసి వెనక్కి తీసుకున్నారు. రెండో భాగం వచ్చాక మళ్లీ ఆయనకే ఆస్కార్ ఇచ్చారు. ఆ బాణీ అందులోనూ ఉంది మరి. అంత పెద్దవాళ్లకే తేల్చుకోవడం అంత కష్టమైతే, వీడు బస్సులో కూర్చుని అరగంటలో పదిమందికి మార్కులు వేసేశాడు.

తీర్పు చెప్పడం అంటే నాకు మా నెల్లూరు మనిషే గుర్తొస్తారు. 1996లో పాడుతా తీయగా మొదలైనప్పుడు ఈ ఇంట్లో ఆ టైముకి ఎవరూ ఫోన్ కూడా ఎత్తేవాళ్లం కాదు. బాలు గారు పిల్లలకి మార్కులు వేసే ముందు ఆ పాట ఎవరు కట్టారు, ఎవరు రాశారు, రికార్డింగ్ రోజు ఏం జరిగింది, అన్నీ చెప్పేవారు. ఫలానా చోట ఫలానా గమకం జారింది అని తనే పాడి చూపించేవారు. ఎక్కడ బాగుందో, ఎక్కడ తగ్గిందో వేలు పెట్టి చూపించగలిగితే అప్పుడు అంకె వేసుకో. బుజ్జిగాడి జాబితాలో ఒక్క సీను పేరైనా లేదే! పేరు, అంకె, పేరు, అంకె. అన్నీ ఫోన్లో ముప్పై సెకన్ల ముక్కలు విని వేసినవి.

సీను లేకుండా బీజీఎంకి మార్కులేంటి అని మధ్యాహ్నం గ్రూపులో రాయబోయింది అదే. సైకో సినిమాలో స్నానాల గది హత్యకి అసలు సంగీతమే వద్దన్నాడట దర్శకుడు హిచ్‌కాక్. సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్ ఉత్త తంత్రీ వాద్యాలతో ఆ కీచు కీచు చేసి వినిపించాక మనసు మార్చుకున్నాడు. ఆ కీచుని విడిగా ఫోన్లో వింటే వయొలిన్ పాడైపోయిందేమో అనుకుంటాం. తెర మీద కత్తి ఉంది కాబట్టి అది సంగీతం.

ఇంతవరకూ రాసేసరికి కందుకూరులో మా అమ్మావాళ్ల ఇల్లు గుర్తొచ్చి నా వాదన నాకే అడ్డం తిరుగుతోంది.

రేడియోలో సంక్షిప్త శబ్దచిత్రం వచ్చేది, గుర్తుందా? సినిమా మొత్తాన్ని గంటకి కుదించి, ఉత్త మాటలూ పాటలూ సంగీతమే వినిపించేవాళ్లు. మా వసారాలో గూట్లో ఉండేది రేడియో. దానికి తోలు తొడుగు, ముందువైపు జల్లెడలా చిన్న చిన్న చిల్లులు. విజయవాడ కేంద్రం సరిగ్గా పలకాలంటే దాన్ని కాస్త వీధివైపు తిప్పి, కింద తాటాకు విసనకర్ర మడిచి పెట్టాలి. ఆ పని నాన్నది. ఇంకెవరు ముట్టుకున్నా ఊరుకునేవాడు కాదు. పక్కింటి పిన్ని బీడీ ఆకుల చేట తెచ్చుకుని కూర్చునేది. అమ్మ బియ్యంలో రాళ్లు ఏరేది. అందరి చేతుల్లోనూ ఏదో ఒక పని ఉండేది, కళ్లు దాని మీదే.

ఒకసారి సాగరసంగమం వేశారు. అప్పటికి మా ఇంట్లో ఎవరమూ ఆ సినిమా చూళ్లేదు. తకిట తధిమి పాట వచ్చినప్పుడు కమల్ ఏదో పెద్ద స్టేజీ మీద ఆడుతున్నాడనుకున్నా. తాగి, బావి గట్టు మీద ఆడుతున్నాడని నాకేం తెలుసు! అది సరే. నడిమధ్యలో ఎక్కడో మాటలు ఆగిపోయాయి. కాసేపు సంగీతం తప్ప ఇంకేం లేదు. రేడియోలో మాటలు ఆగితే స్టేషన్ పోయిందని నాన్న లేచేవాడు, ఆ రోజు లేవలేదు. 'ఇప్పుడేం జరుగుతోంది నాన్నా?' అన్నా. 'ఉష్, విను' అన్నాడు. ఏం జరుగుతోందో ఆయనకీ తెలీదు. పిన్ని చేతిలో కత్తెర ఆగిపోయింది. అమ్మ అయితే చేటలోకే చూస్తూ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఎందుకమ్మా అంటే 'ఏమో' అంది.

చాలా ఏళ్ల తర్వాత, పెళ్లయ్యి ఈ ఇంటికొచ్చాక, టీవీలో ఆ సినిమా వేస్తే ఆ సీను చూశా. జయప్రద నాట్యోత్సవం ఆహ్వాన పత్రిక చేతికిస్తుంది. కమల్ పుటలు తిప్పుతూ పెద్ద పెద్ద కళాకారుల ఫొటోలు చూసి మురిసిపోతుంటాడు. ఇంకో పుట తిప్పితే తన ఫొటో. రేడియోలో మాకు పత్రిక లేదు, ఫొటో లేదు, కమల్ ముఖం లేదు. అయినా ఒక మనిషికి పట్టలేనంత పెద్దదేదో చేతికందిందని వసారాలో అందరికీ తెలిసిపోయింది.

మరి సీను లేకుండా సంగీతానికి విలువ కట్టకూడదని నేనెలా అంటా? ముక్క మీద బతికేదీ ఉంది, తెరకి అంటుకుని బతికేదీ ఉంది. బుజ్జిగాడు ముక్క విన్నందుకు కాదు నాకు కోపం. దాంట్లో ఏం విన్నాడో చెప్పనందుకు.

ఇదే లెక్కన అత్తయ్య సీరియల్ సంగతి కూడా తేల్చుకోవాలి. ఏడున్నర సీరియల్‌తో నాకున్న పేచీ మీకు తెలిసిందే. కోడలు గిన్నె కింద పెడుతుంది, ధన్. అత్త తిరుగుతుంది, ధన్ ధన్. మామగారి ముఖం ఎరుపులో, నలుపులో, మామూలుగా, మూడుసార్లూ ధన్. గిన్నెకీ చావుకీ ఒకే మోత. ఈ రోజు మరీ చిరాకేసి రిమోట్ తీసుకుని సౌండ్ తగ్గించా. వంటింటి గుమ్మం దగ్గర కత్తిపీట ముందు కూర్చుని, టీవీకి వీపు పెట్టి బెండకాయలు తరుగుతున్న అత్తయ్య 'ఏందమ్మే, తగ్గించినావు? ఆడ కత నాకెట్టా తెలస్తది?' అంది.

ఆమె ఆ సీరియల్ సగం చూడదు, వింటుంది. ఆ ధన్ పడితేనే తల తిప్పుతుంది. మిగతాదంతా బెండకాయలే. గదిలో ఫ్యాన్, బయట ఆటోలు, కుక్కర్ విజిల్, వీటన్నిటి మధ్యా ఆమెకి వినపడాలి గదా మరి. ఆ చేసిన మనిషికి రోజుకో ఎపిసోడ్. నాలుగు రకాల ముక్కలు చేసిపెడితే ఎడిటింగ్‌లో అతికించుకుంటూ పోతారు. కూర్చుని రీలు చూసి రాసే తీరిక ఎవరిస్తారు?

అయినా నాకు నచ్చలేదు. నచ్చలేదనే చెబుతా. టీవీకి గొప్పగా చెయ్యొచ్చని మాల్గుడి డేస్‌కి ఎల్. వైద్యనాథన్ 1986లోనే చేసి చూపించారు. మాటల్లేని ఆ కూనిరాగం మొదలైతే వంటింట్లోంచే పరిగెత్తుకొచ్చేవాళ్లం, ఏ ధన్ అక్కర్లేకుండా. 2001లో అమృతం పాట కళ్యాణి మాలిక్ కట్టింది ఇప్పటికీ మా చిన్నోడు స్నానం చేస్తూ పాడతాడు. వాడు పుట్టక ముందు పాట అది. చెవిని పిలవడానికీ తల మీద మొట్టడానికీ తేడా ఉంది. అత్తయ్య చెవికి ఆ మాత్రం మర్యాద దక్కాలని నా బాధ.

ఎవరిని అడగాలి అని చివర్లో పేర్ల కోసం చూశా. సంగీతం అనే మాట కనపడింది, పక్కన పేరు చదివేలోపు సబ్బు ప్రకటన వచ్చేసింది. మంచో చెడో, రోజూ మా ఇంట్లో మోగే మనిషి పేరు మాకు తెలీదు. బుజ్జిగాడు ఆదివారం వస్తాడు. టాప్ టెన్ ఆపి ముందు ఆ పేరు వెతకమని చెబుతా. ఆ తర్వాత సాగరసంగమం పెట్టి, ఆ పత్రిక సీను ఫోన్‌లో కాకుండా హాల్లో చూపించి, అప్పుడు వేసుకోమంటా మార్కులు. మళ్లీ ఆరే వేస్తే, ఎందుకో ఒక వాక్యం రాయాలి.