పదిమందీ నిద్రపోయారు

2024 జూన్ 12, బుధవారం. కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికులు ఉండే బిల్డింగ్ తెల్లవారుజామున అంటుకుంది. నేనుండే మహబూలా నుంచి అది దూరమేం కాదు. డ్యూటీకి వ్యాన్ ఎక్కేసరికే అందరి ఫోన్లలో ఆ పొగే. తర్వాత లెక్క తేలింది. చనిపోయినవాళ్లలో మన దేశం వాళ్లే నలభై మందికి పైగా. మలయాళీలు ఎక్కువ, మన ఆంధ్రావాళ్లు ముగ్గురు. చాలామందిని చంపింది మంట కాదు, పొగ. కింది అంతస్తులో నిప్పు పుట్టి, పొగ మెట్ల మీదుగా పైకెక్కింది. పైకి పరిగెత్తినవాళ్లకు టెర్రస్ తలుపు తాళం వేసి ఉందట. ఆ మాట విన్నాక నాకు అన్నం సహించలేదు.

ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ "నువ్వేనా నాన్నా, నువ్వేనా" అని అదే మాట పదిసార్లు అంది.

ఇక్కడ సెలవు శుక్రవారం కాబట్టి మా ఆరాధన కూడా ఆ రోజే. సరిగ్గా ఆ శుక్రవారమే శవపేటికలతో వాయుసేన విమానం కొచ్చిలో దిగింది. కూడికలో పాటకు గొంతులు పెగల్లేదు. సాక్ష్యాల సమయంలో ఒకాయన లేచి, "వాళ్లు సిద్ధంగా లేరు, మనమైనా మారుమనస్సు పొందుదాం" అన్నాడు. నాకు చాలా బాధేసింది. వాళ్లు సిద్ధంగా లేరని ఈయనకెవరు చెప్పారు? బైబిల్లో చూస్తే, సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయినప్పుడు, వాళ్లు అందరికంటే అపరాధులా అని ప్రభువే అడిగి, కారని ప్రభువే జవాబిచ్చాడు. మారుమనస్సు మాట అన్నది ఎదురుగా నిలబడి వింటున్నవాళ్లతో. పోయినవాళ్ల లెక్క మన చేతికివ్వలేదు.

పాస్టర్ గారు మత్తయి 25 తీశారు. పెండ్లికుమారుడి కోసం దివిటీలతో ఎదురుచూసే పదిమంది కన్యకల ఉపమానం చిన్నప్పటి నుంచీ వింటున్నదే. వాళ్లలో ఐదుగురు బుద్ధిగలవాళ్లు విడిగా నూనె తెచ్చుకుంటారు, మిగతా ఐదుగురు తెచ్చుకోరు. కానీ ఒక మాట ఆ రోజే నా చెవినపడింది. పెండ్లికుమారుడు ఆలస్యం చేస్తే పదిమందీ కునికి నిద్రపోయారు. బుద్ధిగలవాళ్లు కూడా! ప్రభువు నిద్రను తప్పుపట్టలేదు. పన్నెండు గంటలు ఒళ్లు వంచి పనిచేసిన మనిషి నిద్రపోక ఏం చేస్తాడు? తేడా అంతా కన్ను మూయకముందే ఉంది, సిద్దెలో, అంటే చిన్న పాత్రలో, ఉన్న నూనె దగ్గర. అర్ధరాత్రి ఆ నూనె అప్పు పుట్టదు.

అన్నయ్యకూ నాకూ మాటల్లేక అప్పటికి రెండేళ్లు. నాన్న వైద్యానికి నేను పంపిన డబ్బు లెక్క దగ్గర మాటా మాటా పెరిగింది. సెలవుకెళ్లినప్పుడు కూర్చుని మాట్లాడుకుందాంలే అనుకుంటూ వచ్చాను. గల్ఫ్‌లో ఉన్నవాళ్లం బతుకంతా ఆ "సెలవుకెళ్లినప్పుడు"లోనే దాచుకుంటాం. పిల్లల్ని ఎత్తుకోవడం, అమ్మ పక్కన కూర్చోవడం, తప్పు ఒప్పుకోవడం, అన్నీ అప్పటికే. ఫలానా పట్టణానికి వెళ్తాం, ఏడాది ఉంటాం, లాభం సంపాదిస్తాం అనేవాళ్లకు బైబిల్లో యాకోబు రాసిన మాటలు చదివితే మా గదిలో కూర్చుని రాశాడా అనిపిస్తుంది. అకామా, అంటే ఇక్కడ ఉండేందుకిచ్చే అనుమతి, ఎప్పుడు అయిపోతుందో నాకు తెలుసు. ఆయన ఆవిరితో పోల్చిన ఈ బతుకు ఎప్పుడు మాయమవుతుందో తెలియదు.

ఆ రాత్రి అన్నయ్యకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. మూడోసారి వదిన ఎత్తింది. "మీ అన్నయ్య పక్కనే ఉన్నారు. మొన్నటి నుంచీ టీవీ ముందు నుంచి లేవట్లేదు. నీకు ఫోన్ చెయ్యడానికి మొహం చెల్లక..." అంది. అన్నయ్య తీసుకుని, "తిన్నావా?" అన్నాడు. తప్పు నాదే అన్నాను. కాసేపు ఇద్దరం ఏడ్చాం. డబ్బు ఊసు మళ్లీ రాలేదు.

మర్నాడు మా ఫ్లాట్ వాళ్లం నలుగురం హారిస్ (బిల్డింగ్ వాచ్‌మన్) దగ్గరికి వెళ్లి టెర్రస్ తాళం తీసి ఉంచమని అడిగాం. గొణిగాడు గానీ తీశాడు. నా నూనె నేను చూసుకుని, పక్క మంచం మీది తమ్ముడికి బయటపడే దారి ఉందో లేదో చూడకపోతే అదేం సిద్ధపాటు? ఇప్పటికీ రాత్రి ప్రార్థనకు ముందు మేడెక్కి ఆ తలుపు ఒకసారి తోసి చూసి వస్తాను.